మగ పిల్లి ఉన్నవాళ్లు లూజు డ్రై ఫుడ్ జోలికి వెళ్లకండి

పిల్లుల్ని పెంచుకునేవాళ్లందరికీ, ముఖ్యంగా ఇంట్లో మగ పిల్లి ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. పెట్ షాపుల్లో పెద్ద బస్తా విప్పి, ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, కిలోల లెక్కన తూచి ఇచ్చే డ్రై ఫుడ్ (పొడి గింజల తిండి) కొనకండి. "డ్రై ఫుడ్ ఒక్కటే చాలు, వెట్ ఫుడ్ (పౌచ్‌ల్లో వచ్చే తడి తిండి) దండగ" అని కౌంటర్ దగ్గర ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ రెండూ చేశాక మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మా చింటూ న్యూటరింగ్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేయించిన మగ పిల్లి. ఇల్లు దాటి బయటికి వెళ్లడు. పొద్దున డ్రై ఫుడ్, రాత్రి ఒక పౌచ్ వెట్ ఫుడ్ తినేవాడు. ఇక్కడ హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న షాపులో ఎప్పుడూ సీల్ ఉన్న ప్యాకెట్టే తెచ్చుకునేవాళ్లం. ఎండాకాలం మొదట్లో అది స్టాక్ లేదన్నారు. కౌంటర్‌లో ఉన్నతను డబ్బా మూత తీసి చూపించాడు. "అక్కా, అదే కంపెనీ, అదే బస్తాలోది. కవర్‌కి ఎందుకు డబ్బులు పెడతారు? ఇంకో మాట, ఆ పౌచ్‌లు మానేయండి. వాటితో పళ్లు పాడవుతాయి. ఇదైతే కరకరా నమిలి తింటుంది, పళ్లు శుభ్రంగా ఉంటాయి" అన్నాడు. రోజూ పిల్లుల తిండి అమ్మేవాడు, తెలిసి చెబుతున్నాడు అనుకుంటాం కదా ఎవరమైనా. లూజుది తెచ్చాం, పౌచ్‌లు ఆపేశాం.

కొన్ని వారాలకి చింటూ ఊరికే లిట్టర్ ట్రేలోకి (పిల్లి మూత్రానికి, దొడ్డికి మట్టి పోసి పెట్టే తొట్టి) వెళ్లి రావడం మొదలుపెట్టాడు. కూర్చుంటాడు, ముక్కుతాడు, లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. మట్టి చూస్తే తడి లేదు. తర్వాత బాత్రూమ్ గచ్చు మీద కూర్చున్నాడు. అక్కడ ఒకే ఒక్క గులాబీ రంగు చుక్క పడింది. ఆ తర్వాత మూలకి వెళ్లి కింది భాగాన్ని అదే పనిగా నాక్కుంటూ, ఎప్పుడూ వినని గొంతుతో అరిచాడు. మలబద్ధకం అయ్యుంటుంది, కాస్త నెయ్యి పెట్టండి అని పక్కింటి పెద్దావిడ సలహా ఇచ్చారు. మా చెల్లి ఆ మాట వినకుండా వెంటనే బుట్టలో పెట్టింది, ఇద్దరం డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లాం. అదే వాడి ప్రాణం కాపాడింది.

డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, నా చెయ్యి కూడా పెట్టి చూడమన్నారు. మూత్రాశయం గట్టి నిమ్మకాయలా చేతికి తగిలింది. మూత్రనాళం మూసుకుపోయిందన్నారు. మగ పిల్లికి ఆ నాళం చాలా సన్నగా ఉంటుంది. ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు కలిసి చిన్న బిరడాలా పట్టేస్తే చాలు, మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. చింటూకి మత్తిచ్చి, కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేసి, సెలైన్ ఎక్కించి, ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. బతికాడు.

ఇప్పుడు అసలు కోపం వచ్చిన సంగతి. డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి, "ఏం తిండి పెడుతున్నారు? ప్యాకెట్ ఫోటో ఉందా?" అని. ఖనిజాలెంత, పెద్ద పిల్లులదా, పిల్లి పిల్లలదా, ఎప్పుడు తయారైంది, ఇవన్నీ ఆయనకి కావాలి. మా దగ్గర ఉన్నది ముడేసిన తెల్ల కవరు. షాపుకి ఫోన్ చేసి ఆ బస్తా ఫోటో పంపమంటే "బస్తా పారేశాం" అన్నారు. బ్యాచ్ నంబర్ అడిగితే "లూజుకి బ్యాచ్ ఏంటి మేడమ్" అన్నారు. బిల్లు మీద కూడా "క్యాట్ ఫుడ్" అని రాసి ఊరుకున్నారు. మిగిలిన గింజల్ని ఇంట్లో కాగితం మీద పోసి చూస్తే రెండు మూడు ఆకారాల్లో ఉన్నాయి, ముక్కిపోయిన నూనె వాసన వస్తోంది. ఒకే బస్తాలోదన్న మాట అబద్ధమనే నా నమ్మకం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ తిండి వల్లే ఇలా జరిగిందని డాక్టరు గారు అనలేదు. ఇంట్లోనే ఉండే పిల్లి, న్యూటరింగ్ అయ్యింది, కాస్త ఒళ్లు చేసింది, పైగా ఎండాకాలం, నీళ్లు తక్కువ. ఇవన్నీ కలిసి వస్తాయి, ఒక్కోసారి టెన్షన్ వల్ల కూడా వస్తుంది అన్నారు. కానీ ఇలాంటి పిల్లికి వెట్ ఫుడ్ మొత్తం మాన్పించి డ్రై ఒక్కటే పెట్టమనడం తప్పుడు సలహా అని మాత్రం గట్టిగానే చెప్పారు.

ఎందుకో లెక్క వేసి చూస్తే మీకే అర్థమవుతుంది. 4 కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 నుంచి 250 కేలరీలు, తిండిలోదీ తాగేదీ కలిపి దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం లోపే. రోజుకి 60 గ్రాములు తిన్నా అందులోంచి వచ్చే నీరు ఒక చెంచాడు. వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం దాకా నీరే. 85 గ్రాముల పౌచ్‌లు మూడు తింటే దాదాపు 200 మిల్లీలీటర్లు తిండిలోనే లోపలికి పోతుంది. మరి డ్రై తిన్న పిల్లి ఆ లోటు గిన్నెలో నీళ్లు తాగి పూడ్చుకోదా అంటే, పూర్తిగా పూడ్చుకోదు. మన పెంపుడు పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. వేటాడిన ఎలుకలోంచే నీరు తీసుకుని, మూత్రాన్ని బాగా చిక్కగా చేసుకుని బతికిన జాతి. దాహం తక్కువ. మూత్రం చిక్కబడేకొద్దీ స్ఫటికాలు కట్టే అవకాశం ఎక్కువ.

అలాగని వెట్ ఫుడ్ అనగానే కళ్లు మూసుకుని కొనకండి. పౌచ్ వెనక చిన్న అక్షరాలు చదవాలి. "కంప్లీట్" అని ఉంటేనే అది పూట తిండి. "కాంప్లిమెంటరీ" అని ఉంటే చిరుతిండి మాత్రమే, దాని మీదే పిల్లి బతకకూడదు. రెండూ ఒకే అరలో, ఒకేలాంటి రంగుల్లో ఉంటాయి, షాపువాళ్లు తేడా చెప్పరు. ఇంకో చిక్కు ప్రొటీన్ శాతం. పౌచ్ మీద 10 శాతం, డ్రై ప్యాకెట్ మీద 32 శాతం చూసి "డ్రైలోనే బలం ఎక్కువ" అని అమ్ముతారు. నీటిని పక్కన పెట్టి చూడండి. 78 శాతం నీరున్న పౌచ్‌లో అసలు పదార్థం 22 పాళ్లు, అందులో 10 ప్రొటీన్ అంటే 45 శాతం. డ్రైలో 90 పాళ్లలో 32 అంటే దాదాపు 36 శాతం. లేబుల్ మీద తక్కువ కనిపించినదే ఇక్కడ ఎక్కువ.

పౌచ్ ఉబ్బి ఉన్నా, అంచు దగ్గర జిడ్డు కారినా ఆఫర్‌లో ఇచ్చినా తీసుకోకండి. మన ఎండలకి విప్పిన వెట్ ఫుడ్‌ని గిన్నెలో గంట, గంటన్నర మించి ఉంచకూడదు. పౌచ్‌లో మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ పెట్టేముందు కాసేపు బయట ఉంచితే తింటాయి.

ఖర్చు మాట నిజమే. పూర్తిగా వెట్ ఫుడ్ మీద ఉంచాలంటే రోజుకి మూడు పైన పౌచ్‌లు, అది అందరివల్లా కాదు. అందుకే సీల్ ఉన్న మంచి డ్రై ఫుడ్ కొంత, వెట్ ఫుడ్ కొంత, వెట్‌లో ఇంకో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపి పెట్టడం మధ్యతరగతికి కుదిరే పద్ధతి. ఇప్పటికే ఆ స్ఫటికాలు గట్టిపడి రాళ్ల సమస్య వచ్చిన పిల్లికైతే డాక్టరు చెప్పిన తిండే పెట్టాలి. స్ట్రువైట్ అనే రకం రాళ్లు ప్రత్యేక ఆహారంతో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్ అనే రకం కరగవు. ఏ రాయో పరీక్షలో తేలాలి తప్ప కౌంటర్ దగ్గర తేలదు.

ఖర్చు తగ్గించుకుందామని పెరుగన్నం, పాలన్నంతో సరిపెట్టే ఇళ్లు కూడా మనలో చాలా ఉన్నాయి. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచి అందాలి. అది లోపిస్తే గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికాలో కనిపెట్టిన తర్వాతే కంపెనీలు తమ ఆహారంలో టారిన్ మోతాదు పెంచాయి. చూపు కూడా పోతుంది. ఇక మనం తినే కూర ముక్క పెట్టడం మరీ ప్రమాదం, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

పళ్ల సంగతికొస్తే, మామూలు డ్రై ఫుడ్ పళ్లు తోమదు. చాలా పిల్లులు గింజని సగం నమిలి మింగేస్తాయి. పళ్ల కోసమే తయారుచేసినవి వేరే ఉన్నాయి, ఆ డబ్బాలోవి అవి కావు.

లూజు వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం బ్యాచ్ నంబరు. 2007లో ఉత్తర అమెరికాలో మెలమైన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) కలిసిన గోధుమ గ్లూటెన్ (గోధుమలోని ప్రొటీన్) వల్ల పిల్లుల, కుక్కల కిడ్నీలు పాడై, 6 కోట్లకు పైగా వెట్ ఫుడ్ డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తీసుకున్నారు. 2021లో బ్రిటన్‌లో పిల్లులకి రక్తకణాలన్నీ పడిపోయే జబ్బు వచ్చి వందల పిల్లులు చనిపోతే, కొన్ని రకాల డ్రై ఫుడ్‌ని మార్కెట్ నుంచి వెనక్కి పిలిచారు. అంటే తడిదైనా పొడిదైనా తప్పు జరగొచ్చు. జరిగినప్పుడు మన ఇంట్లో ఉన్నది ఆ సరుకేనా కాదా అని తెలిసేది ప్యాకెట్ మీద ఉన్న వివరాలతోనే. తెల్ల కవరులో తెచ్చుకున్నవాళ్లకి ఆ దారే లేదు. పైగా గాలి తగిలితే గింజల మీది కొవ్వు ముక్కిపోతుంది. డబ్బా ఎప్పుడు తెరిచారో, కొత్త సరుకుని పాతదాని మీదే పోశారో ఎవరికి తెలుసు?

కొనేటప్పుడు కంపెనీ పేరు, చిరునామా, తయారైన నెల, బరువు, ఎమ్మార్పీ ఉన్న సీల్ ప్యాకెట్టే అడగండి. బిల్లులో సరుకు పేరు రాయించుకోండి. ఇంటికొచ్చాక ప్యాకెట్ వెనక వైపు ఫోటో తీసుకోండి, గింజల్ని అదే సంచిలో గట్టిగా మూసి ఉంచండి, నెల, నెలన్నరలో అయిపోయే సైజే కొనండి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మేము చేశాం.

మీ మగ పిల్లి పదే పదే ట్రేలోకి వెళ్లి చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి. వాంతులు మొదలైతే ఇంకా తొందరపడండి. దగ్గర్లో డాక్టరు లేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులు గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం. ఏ వేళల్లో చూస్తారో ముందే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

ఇప్పటికే లూజుది కొన్నవాళ్లు దాన్నంతా పారేయకుండా ఒక గుప్పెడు మూతున్న డబ్బాలో, కొన్న తేదీ రాసి దాచండి, రేపు అవసరం పడితే చూపించడానికి ఉంటుంది. కొత్త తిండి నచ్చక పిల్లి అలిగితే "ఆకలేస్తే అదే తింటుంది" అని పస్తు పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది. మామూలుగా అయితే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చాలి. ముక్కిపోయిన వాసన వచ్చేదాన్ని మాత్రం కలపకండి, అది ఈరోజే ఆపేసి, వాడు ఇష్టంగా తినే వెట్ ఫుడ్‌తో మొదలుపెట్టండి.