పెళ్ళికి ముందు అండమాన్: ముందు దీవులు, తర్వాత ఊరు

స్నేహితుల పెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో అంటే, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని ఐదారు రోజుల ముందే దిగే జంటలు చాలామందే. ఆలోచన బాగానే ఉంటుంది, వరసలోనే తేడా కొడుతుంది. మొదటి రెండు రోజులూ ఊళ్లో సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్ చూసేసి, ఆఖర్న హేవ్‌లాక్ దీవికి వెళ్లి, పెళ్ళి ముందురోజు ఫెర్రీలో తిరిగొచ్చేలా టికెట్లు తీసుకుంటారు. గాలి ఎక్కువై ఆ ఒక్క ఫెర్రీ ఆపేస్తే తలంబ్రాల వేళకి మీరింకా దీవిలోనే ఉంటారు. టికెట్ డబ్బులు వెనక్కొస్తాయి, ముహూర్తం మాత్రం ఆగదు. అందుకని సముద్రం దాటాల్సినవన్నీ ముందు, ఊళ్లోవి చివర. తిరుగు ఫెర్రీకీ పెళ్ళికీ మధ్య రెండు రాత్రులు ఖాళీ ఉంచండి.

నెలను బట్టి ఈ లెక్క మారుతుంది. మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తమైతే సముద్రం చాలావరకు శాంతంగానే ఉంటుంది, ఒక్క రాత్రితో సరిపెట్టుకోవచ్చు. కార్తీకం, మార్గశిరం అంటే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, రెండు రాత్రులూ కావాల్సిందే. శ్రావణంలో నైరుతి వానలు, పైగా నీళ్లు మసకగా ఉండి లోపల పెద్దగా ఏమీ కనబడదు. ఆ నెలలో పెళ్ళయితే స్కూబా (గాలి సిలిండరుతో నీటి కిందికి దిగడం), స్నార్కెలింగ్‌ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటిపై తేలి కిందికి చూడడం)కి డబ్బు పెట్టకపోవడమే మంచిది.

బుకింగ్ చేసేటప్పుడు పాత, కొత్త పేర్లు రెండూ గుర్తుండాలి. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయ్యాయి. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. జనం నోట్లో మాత్రం ఇంకా పాతవే.

ప్రైవేటు ఫెర్రీల్లో మక్రుజ్, నాటికా పూర్తిగా మూసి ఉండే ఏసీ పడవలు, హేవ్‌లాక్‌కి సుమారు గంటన్నర. గ్రీన్ ఓషన్ కాస్త నెమ్మది, కానీ పైడెక్కు మీదికెళ్లి నిలబడొచ్చు. కడుపులో తిప్పేవాళ్లకి ఆ గాలే మందు. మూసిన పడవైతే కింది అంతస్తులో మధ్యగానో వెనగ్గానో సీటు తీసుకోండి, ముందు వరసల్లోనే ఎగుడుదిగుడు ఎక్కువ. వాంతుల మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పని చేయదు, గంట ముందు వేసుకోవాలి. ప్రభుత్వ ఓడ చాలా చౌక, కానీ టికెట్టు దొరుకుతుందనే నమ్మకం లేదు. పెళ్ళి తేదీ మెడమీద ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. ఎక్కడానికి అసలు గుర్తింపు కార్డు తప్పనిసరి, రేవులో గంట ముందుండాలి.

పెళ్ళి పెట్టె దీవులకి మోసుకెళ్లొద్దు. తిరిగొచ్చి దిగే హోటల్లోనే ఊరు చేరిన రాత్రి కూడా ఉంటే చాలామంది హోటలువాళ్లు పెట్టె దాచిపెడతారు. అయినా బుక్ చేసే ముందే అడగండి. జరీ చీరలు నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో అయితే ఆ తేమకి జరీ నల్లబడుతుంది. నగలు పెట్టెలో వదలకుండా లాకరు అడగాలి.

హేవ్‌లాక్‌లో బసే అసలు చిక్కు. అక్కడ బీచ్‌లకి నంబర్లుంటాయి. తూర్పు వైపు 3, 5 నంబర్ల దగ్గరే ఎక్కువ రిసార్టులు, డైవ్ సెంటర్లు, తిండి హోటళ్లు. గది ముందే సముద్రం అని ఫోటోలో చూసి మురిసిపోతాం. కానీ ఆటు వేళకి ఆ సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, మిగిలేవి బురద, రాళ్లు, పగడపు ముక్కలు. పోటు మీద ఉన్నప్పుడే ఈత, అదీ చెప్పులతో. పడమటి వైపు రాధానగర్ 7వ నంబరు బీచ్. మెత్తటి ఇసుక, రాళ్లుండవు. మన రుషికొండతో పాటే 2020లో దీనికీ శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. తాజ్ ఎక్సోటికా రిసార్టు ఉన్నది ఇటే. ఇక్కడ గదులు ఖరీదు, పైగా రాత్రి తిండికి వేరే దారి తక్కువ. మామూలు బడ్జెట్ జంటకి మా ఓటు తూర్పునే: గదిలో తక్కువ ఖర్చు పెట్టి, స్కూటీ అద్దెకి తీసుకుని, మధ్యాహ్నం రాధానగర్ వెళ్లడం. స్కూటీ తీసుకునేటప్పుడు బ్రేకులు చూసుకోండి, దారిలో ఎత్తుపల్లాలున్నాయి. బండి మీద పాత గీతలన్నీ ఫోన్లో వీడియో తీసి పెట్టుకుంటే తిరిగిచ్చేటప్పుడు పేచీ ఉండదు.

వేళల విషయంలో మనవాళ్లు తరచూ బోల్తా పడతారు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం 5 దాటిన కాసేపటికే పొద్దు గూకుతుంది. భోజనం చేసి కునుకు తీసి 5కి బయల్దేరితే దారిలోనే చీకటి. 3కల్లా రాధానగర్ ఇసుక మీదుండాలి. కుడివైపు చివర మడుగు దగ్గర మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉంటుంది. అది అలంకారానికి పెట్టింది కాదు, ఆ నీళ్లలో దిగొద్దు.

మొదటిసారి స్కూబా చేసేవాళ్లు రేటు కంటే ముందు నాలుగు సంగతులు అడగాలి: ఒక్కరికి ఒక్క ఇన్‌స్ట్రక్టరేనా, నీటి కింద ఎన్ని నిమిషాలు, ఒడ్డు నుంచా పడవ నుంచా, ఫోటోలు అందులోనేనా. ఇలాంటి డైవ్‌లో 12 మీటర్లు దాటి తీసుకెళ్లరు. దిగుతున్నంతసేపూ ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. నొప్పి మొదలైతే ఓర్చుకోకుండా సైగ చేసి కొంచెం పైకి రావాలి. జలుబుంటే డైవ్ మానుకోండి. చెవి వాచిందంటే బాజాభజంత్రీలు నరకంగా ఉంటాయి. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి 24 గంటలు ఆగడం క్షేమం. దీవులు ముందు పెట్టుకుంటే ఆ బాధే లేదు.

నీల్‌కి ఒక్క రాత్రి చాలు. అక్కడి రాతి వంతెన ఆటులోనే దగ్గరికెళ్లి చూడాలి, పోటులో ఆ దారంతా నీళ్లే. ఆటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అందుకే నిరుడు వెళ్లినవాళ్లు చెప్పిన టైము పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల నీరు బాగా కిందికి దిగుతుంది. పాకుడు రాళ్ల మీద పట్టున్న చెప్పులు కావాలి, హవాయి చెప్పులు జారతాయి.

పెళ్ళి ఫోటోల్లో కనబడేవి రెండు: ఎండకి కమిలిన వీపు, ఇసుక దోమ కాట్లు. స్నార్కెలింగ్‌లో బోర్లా తేలుతూ ఉంటే వీపు మాడుతున్న సంగతే తెలియదు. జాకెట్టు మెడ చుట్టూ రెండు రంగులు తేలకుండా పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. తడి ఇసుక మీద నేరుగా పడుకోవద్దు, ఆ కాట్లు గోకితే వారమైనా తగ్గవు. గోరింటాకు సముద్రం పని పూర్తయ్యాకే, ఉప్పునీళ్లలో నానితే త్వరగా వెలిసిపోతుంది.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకి ఈ ట్రిప్పులో చోటు వద్దు. తెల్లవారుజామున 3 ప్రాంతంలో లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో ఆగి, జారవా ఆదివాసుల అడవి గుండా కాన్వాయ్‌లో, అంటే బండ్లన్నీ ఒకే వరసగా, పోవాలి. ఒక రోజంతా అయిపోతుంది, మర్నాడు ఒళ్లు హూనం. దాని బదులు ఊళ్లోని సెల్యులార్ జైలుకి సగం పూట కేటాయించండి. 1906లో పూర్తయిన ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకరాచారిని ఉంచింది ఇక్కడే. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో టికెట్ ముందే తీసుకోండి, హిందీ షోనా ఇంగ్లీషు షోనా చూసి మరీ.

దీవుల్లో ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ పోతే ఫోన్‌పే కూడా పనిచేయదు. రెండు దీవులకీ సరిపడా నోట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి, స్కూటీ డిపాజిట్ కూడా లెక్కేసుకుని. ఒడ్డున ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోవద్దు. తీసుకెళ్లడం నిషేధం, ఎయిర్‌పోర్టు స్కానర్లో పట్టుకుంటారు.