గుండెపోటు తర్వాత థైరాక్సిన్ మాత్ర: పంపింగ్ నిజంగా పెరుగుతుందా?

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రుల వైపు ఏ మెడికల్ షాపులో అడిగినా థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్ దొరుకుతాయి. రెండింట్లోనూ ఉన్నది లెవోథైరాక్సినే. థైరాయిడ్ తక్కువున్నవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన మందు లేదు. కానీ స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు "పంపింగ్ పెరుగుతుందట" అని దీన్ని అడుగుతుంటారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తపరీక్షలో పెరిగే అంకె) సరిగ్గా ఉంటే ఆ పనికి ఇది దండగ. దండగతో పోతే పరవాలేదు, గుండెకు చేటు కూడా.

ఈ ఆశ గాల్లోంచి పుట్టింది కాదు. గుండెపోటు వచ్చిన కొద్ది రోజుల్లోనే రక్తంలో టీ3 అనే థైరాయిడ్ హార్మోను పడిపోతుంది. థైరాయిడ్ గ్రంథి చెడిపోయినందుకు కాదు, మరో థైరాయిడ్ హార్మోను టీ4ను ఒంట్లో టీ3గా మార్చే పని మందగించినందుకు. టీ3 బాగా తగ్గినవాళ్లు ఆలస్యంగా కోలుకుంటారన్నదీ నిజమే. ఎలుకలకు టీ3 ఇస్తే గుండె కండరం మెరుగుపడింది కూడా. మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది.

2020లో ఇంగ్లండ్ పరిశోధన ఒకటి వెలువడింది. గుండెపోటు వచ్చి, టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా ఉన్న 95 మందిని తీసుకున్నారు. కొందరికి 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి లెవోథైరాక్సిన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 52 వారాల తర్వాత ఎంఆర్ఐ తీస్తే రెండు గుంపుల్లోనూ పంపింగ్ ఇంచుమించు రెండు శాతం పాయింట్లే పెరిగింది. మాత్ర వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అంతకుముందు అమెరికాలో గుండెపోటు వచ్చిన మగవాళ్లకు కొలెస్ట్రాల్ తగ్గించడానికని దీని దాయాది డెక్స్‌ట్రోథైరాక్సిన్ ఇచ్చి చూశారు. ఆ మందు వాడినవాళ్లలో మరణాలు పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ వివరాలు 1972లో వచ్చాయి.

మరి ఎవరికి కావాలి? టీఎస్‌హెచ్ 10 దాటి, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) కూడా తగ్గినవాళ్లకు తప్పనిసరి. వాళ్లలో కొలెస్ట్రాల్ ఎంతకీ దిగదు, దానికిచ్చే అటోర్వాస్టాటిన్ వేసుకుంటే కండరాల నొప్పులు ఎక్కువ. అయితే ఆసుపత్రిలో పడుకున్నప్పుడు తీసిన థైరాయిడ్ రిపోర్టును ఒక్కదాన్నే పట్టుకుని మాత్ర మొదలుపెట్టకూడదు. జబ్బు, యాంజియోగ్రామ్‌లో ఎక్కించే అయోడిన్ మందు, హెపారిన్, స్టెరాయిడ్లు అన్నీ ఆ అంకెల్ని అటూ ఇటూ చేస్తాయి. లోపం మరీ తీవ్రంగా లేకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చేయించడం మేలు.

గుండె జబ్బున్నవాళ్లకు మోతాదు 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి టీఎస్‌హెచ్ చూసి 12.5 చొప్పున పెంచడం పద్ధతి. ఈ మందు సగం తగ్గడానికే ఒంట్లో వారం పడుతుంది. కాబట్టి పది రోజులకే పరీక్ష చేయిస్తే ఆ అంకెకు అర్థం లేదు. అన్నిటికన్నా ప్రమాదం చీటీ మీది చుక్క. 12.5 అని రాసింది 125గా చదివితే పది రెట్లు. సీసా మీద అంకె, పక్కన "మైక్రోగ్రాములు" అన్న మాట కౌంటర్ దగ్గరే చదివి చీటీతో సరిచూసుకోండి. మోతాదు ఎక్కువైతే దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరిలో గుండె లయ తప్పుతుంది, ఛాతీ నొప్పి తిరగబెడుతుంది. నొప్పి వస్తే ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అన్నట్టు, మోతాదు పెంచిన వారాల్లో అలిపిరి మెట్ల మొక్కు పెట్టుకోకండి. గుండె జబ్బున్నవాళ్లు కాలినడకన కొండెక్కవద్దని టీటీడీ వాళ్లే చెబుతుంటారు.

పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకైనా ఇడ్లీకైనా కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. స్టెంట్ తర్వాత ఎక్కువమందికి కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఉంటుంది. దానివల్ల థైరాక్సిన్ సరిగా ఒంటపట్టక టీఎస్‌హెచ్ పెరగొచ్చు. అప్పుడు మాత్ర పనిచేయలేదనుకుని సొంతంగా పెంచేయడం పొరపాటు. రక్తం పలచబరిచే ఎసిట్రామ్ వాడేవాళ్లకు థైరాక్సిన్ మొదలుపెట్టినా, పెంచినా రక్తం మరింత పలచబడుతుంది, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష వెంటనే చేయించుకోవాలి. గుండె లయకిచ్చే అమియోడరోన్‌లోనైతే అయోడిన్ దండిగా ఉంటుంది. అది వాడేవాళ్లలో థైరాయిడ్ పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. జుట్టుకోసం బయోటిన్ వేసుకుంటుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి.

మన ఎండల్లో సీసాను పొయ్యి దగ్గర గూట్లోనో, బండి డిక్కీలోనో పెడితే మందు బలం తగ్గుతుంది. మాత్రల్ని వేరే డబ్బాలోకి మార్చకుండా అదే సీసాలో మూత బిగించి ఉంచండి. బ్రాండ్ మారితే ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. చిత్తూరు వాళ్లు వేలూరులో ఒకసారి, ఊళ్లో ఒకసారి పరీక్ష చేయించి ఆ రెండు అంకెల్నీ పోలుస్తుంటారు. ల్యాబును బట్టి యంత్రం, పద్ధతి మారతాయి. ఒకే చోట చేయిస్తేనే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది.