జిప్సీకి డీజిల్ ఇంజన్: మార్చుకోవాలా, మానుకోవాలా?

మారుతి జిప్సీ జీపులో డీజిల్ ఇంజన్ వేయించాలనుకునేవారు ముందుగా బండి ఆర్‌సీ తీసి చూడాలి. ఇంధనం అన్నచోట పెట్రోలు అని ఉంటుంది. 1985లో 970 సీసీతో వచ్చిన మొదటి జిప్సీ, 1996లో 1298 సీసీతో వచ్చిన జిప్సీ కింగ్, 2000 నుంచి వచ్చిన 80 హార్స్‌పవర్ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండి, అన్నీ పెట్రోలువే. మారుతి మన దేశంలో డీజిల్ జిప్సీని అమ్మనే లేదు. దాని స్ప్రింగులు, గేర్ల నిష్పత్తి, రేడియేటరు అన్నీ తేలికపాటి పెట్రోలు ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. అందువల్ల డీజిల్‌కు మారేటప్పుడు ఇంజన్ ఒక్కటే మార్చి ఊరుకోవడం కుదరదు.

అయినా చెన్నైలో ఈ కోరిక ఎందుకు పుడుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటకు వెళితే పాత ఇంజన్లు వరసగా పేర్చి ఉంటాయి. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య వేసే అడాప్టర్ ప్లేటు కావాలంటే అంబత్తూరు పారిశ్రామికవాడలో లేతు పనివారికి కొదవ లేదు. సెలవు దొరికితే నాగలాపురం కొండలకో తలకోనకో బయలుదేరే మన తెలుగువాళ్ళకు, ఊళ్ళో లీటరుకు పది కిలోమీటర్లు మాత్రమే ఇచ్చే బండి భారంగానే ఉంటుంది.

కానీ లెక్క వేసి చూడండి. పెట్రోలు లీటరు సుమారు 100 రూపాయలనుకుంటే కిలోమీటరుకు 10 రూపాయలు. డీజిల్ 92 రూపాయలు, బండి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయల పైచిలుకు. మిగిలేది నాలుగు రూపాయల లోపే. మార్పిడికి అన్నీ కలిపి రెండు లక్షలు పెడితే, ఆ డబ్బు వెనక్కి రావడానికి 50,000 కిలోమీటర్లకు పైగా తిరగాలి. ఏడాదికి ఆరువేలు తిరిగే సెలవురోజుల బండికి అది ఎనిమిదేళ్ళకు పైమాటే. పొదుపు కోసమే అయితే ఈ పని అక్కర్లేదని నేను గట్టిగా చెబుతాను. లాగుడు కోసమైతే మాత్రం ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉంది.

డీజిల్‌లో రెండు దారులున్నాయి. మొదటిది పాత మెకానికల్ పంపు ఇంజన్: మహీంద్రా బండ్లలో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీ3పీ (2498 సీసీ), అదే సంస్థ ఎండీఐ (2523 సీసీ), లేదా కాంటెస్సా కారులో వచ్చిన ఇసుజు 2 లీటర్ల ఇంజన్. వీటికి కంప్యూటర్ లేదు. పంపు, నాజిళ్ళు, గ్లో ప్లగ్గులు తెలిసిన మెకానిక్ పుత్తూరులోనైనా దొరుకుతాడు. ఇగ్నిషన్ తీగలు ఉండవు కాబట్టి తడి భయం తక్కువ. 2015 డిసెంబరు వరదలనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్ళనూ చూసిన నగరంలో ఇది చిన్న గుణం కాదు. అయితే గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు వెళితే ఏ ఇంజన్‌కైనా కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ విషయంలో డీజిల్‌కు ప్రత్యేక రక్షణ లేదు.

ఈ దారిలో అసలు చిక్కు బరువు. సుమారు వెయ్యి కిలోల బండి ముందుభాగంలో పోత ఇనుప ఇంజన్ పెడితే ముందు లీఫ్ స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, ఇసుకలో ముందు చక్రాలు దిగబడతాయి. జిప్సీని జిప్సీగా నిలబెట్టేది తేలికదనమే. బురదలో పెద్ద బండ్లు ఇరుక్కున్న చోట ఇది తేలిపోతూ దాటడానికి కారణం అదే. ఆ గుణాన్ని చంపి లాగుడు కొనుక్కోవడం నాకు మనస్కరించదు. పైగా ఆ ఇంజన్ల అదురు ఛాసిస్ మౌంటింగుల దాకా పాకి, కొన్నాళ్ళకు వెల్డింగులు చీలడం మొదలవుతుంది.

రెండోది కామన్ రైల్ ఇంజన్, అంటే కంప్యూటర్ ఆజ్ఞతో డీజిల్ చిమ్మేది. స్విఫ్ట్, రిట్జ్, డిజైర్‌లలో వచ్చిన ఫియట్ 1.3 మల్టీజెట్ (1248 సీసీ) ఇందులో అందరి నోటా వినిపించే పేరు. 75 హార్స్‌పవర్ వెర్షన్‌లో టార్క్ (తిప్పే బలం) 190 న్యూటన్ మీటర్లు, అదీ 2000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే. జిప్సీ పెట్రోలు ఇంజన్‌ది 103, అది కూడా 4500 దగ్గర. ఏటవాలు రాళ్ళదారిలో ఈ తేడా కాలికి తెలుస్తుంది. బరువు కూడా పాత డీజిళ్ళంత ఉండదు. కాగితం మీద చూస్తే ఇదే గెలవాలి.

అయితే స్విఫ్ట్‌లో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా కూర్చోవాలి. మౌంటింగులు, ఆయిల్ సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), టర్బో గొట్టాలు, ఇంటర్‌కూలర్ అన్నీ కొత్తగా అమర్చుకోవాలి. సంపు ముందు యాక్సిల్‌కు తగలకూడదు. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేనిదే స్టార్ట్ కానివ్వని భాగం), తాళంచెవి, యాక్సిలరేటర్ పెడల్, మొత్తం వైరింగు ఒకే బండివి కావాలి. ఒకటి తేడా వచ్చినా బండి స్టార్ట్ కాదు. అడవి మధ్యలో ఒక సెన్సరు పోతే స్కానర్ ఉన్న ఊరిదాకా లాక్కుపోవాల్సిందే.

రెండు దారుల్లోనూ చాలామంది మరిచిపోయేది బ్రేకులు. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చే మానిఫోల్డులో పుట్టే వాక్యూమ్‌తో బ్రేకు బూస్టర్ (కాలి ఒత్తిడికి బలం చేర్చే భాగం) పనిచేస్తుంది. డీజిల్‌లో ఆ వాక్యూమ్ ఉండదు, వేరే పంపు కావాలి. అది లేకుండా, ఏదో గొట్టం తగిలించి పంపే పనివారు ఉన్నారు. అలాంటి బండి కొండ దిగేటప్పుడు ప్రాణాంతకం.

తరువాతది గేర్ల నిష్పత్తి. 6000 ఆర్‌పీఎమ్ దాకా తిరిగే పెట్రోలు ఇంజన్‌కు పెట్టిన డిఫరెన్షియల్ (యాక్సిల్‌లోని చివరి గేర్లు) నిష్పత్తి, 4000 దాటగానే ఊపిరి వదిలే డీజిల్‌కు సరిపోదు. నెల్లూరు హైవే మీద 80లో వెళుతుంటే ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, మధ్యలో ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది. కాబట్టి పాత డీజిల్‌ను దాని సొంత గేర్‌బాక్సుతో సహా దించుకోవచ్చు. ఇది నిజంగా కలిసివచ్చే విషయం. కానీ డీజిల్‌తో ఎక్కువైన టార్క్, లో రేంజి అనే నెమ్మది గేరులో ఇంకా పెరిగి ఆ షాఫ్టు మీద, ముందు చక్రాల జాయింట్ల మీద పడుతుంది. అవి ఆ లెక్కన చేసినవి కావు.

సాంకేతికంగా అసాధ్యమని నేను అనడం లేదు. స్పెయిన్‌లో సాంటానా సంస్థ ఇదే కుటుంబానికి చెందిన సుజుకి సమురాయ్‌లో ప్యూజో 1.9 లీటర్ల డీజిల్ వేసి అమ్మింది. కానీ అది కర్మాగారం నుంచే ఆ ఇంజన్‌తో, ఆ కాగితాలతో వచ్చిన బండి.

మన దగ్గర కాగితాలే గోడ. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటికి ఆమోదించిన కిట్‌తో మారడానికి మినహాయింపు ఉంది. పెట్రోలు బండిని డీజిల్ చేయడం అందులోకి రాదు. 182ఎ సెక్షన్ కింద ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దొరకకుండా తిరగవచ్చనుకుంటే, పొగ పరీక్ష దగ్గరే బయటపడుతుంది: పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు, డీజిల్‌కు పొగ సాంద్రత కొలుస్తారు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది బీమా. మీ బండి తగిలి ఎవరికైనా ప్రాణహాని జరిగిన రోజు, ఆర్‌సీలో లేని ఇంజన్‌తో కోర్టులో నిలబడాల్సింది మీరే.

అందుకని చెన్నైలో రిజిస్టరై రోడ్డు మీద తిరిగే జిప్సీకి నా ఓటు పెట్రోలుకే. రెండు లక్షలు చేతిలో ఉంటే అందులో కొంత పెట్టి కంప్రెషన్ పరీక్ష చేయించి, అవసరమైతే రింగులు, వాల్వులు, క్లచ్ కొత్తవి వేయించండి. పెద్ద టైర్లు వేసి ఉంటే కంపెనీ సైజుకు తిరిగి రండి. లాగుడు లేదని బాధపడే బండ్లలో చాలావాటికి టైర్లే కారణం. సీఎన్‌జీ చట్టబద్ధమే కానీ, సిలిండరు వెనకభాగాన్ని మింగేస్తుంది. నగరంలోనే తిరిగేవారికి పరవాలేదు, కొండలకు వెళ్ళేవారికి వద్దు.

డీజిల్ లాగుడు లేనిదే ఉండలేమంటే జిప్సీని అమ్మి 2010 తరువాతి మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) కొనండి. 2498 సీసీ, 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్లు, లో రేంజి, అన్నీ ఆర్‌సీకి తగ్గట్టే. బరువు ఎక్కువే, కానీ ఆ బరువును మోయడానికే దాని యాక్సిళ్ళు పుట్టాయి. కంప్యూటర్ వద్దనుకుంటే పాత థార్ డీఐ ఫోర్‌వీల్ డ్రైవ్ వెతకండి.

మెకానికల్ డీజిల్ వేసిన జిప్సీని నేను ఒప్పుకునేది ఒక్కచోటే: చిత్తూరు వైపు సొంత మామిడితోట కంచె లోపలే, రోడ్డు ఎక్కకుండా కాయల బుట్టలు మోసే బండికి. అక్కడ వేగం అక్కర్లేదు, హైవే గొడవ లేదు, బాగుచేసేవాడు పక్క ఊళ్ళోనే ఉంటాడు. అప్పుడు కూడా పుదుపేటలో ఇంజన్ కొనేటప్పుడు నంబరు రాసిన బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం నకలు అడిగి తీసుకోండి. నంబరు అరగదీసి కనిపిస్తే ఎంత చవకగా ఇస్తానన్నా ముట్టుకోకండి.