బతికున్న సాలీడా, చచ్చిన సాలీడా: పాత ఫొటోల్లో ఏది మేలు?

పాత ప్రకృతి ఫొటోల ఊసెత్తితే చాలు, ఇదే అడుగుతున్నారు: మాటు వేసి బతికున్న ప్రాణిని తీసినవి మేలా, చంపి బల్ల మీద అమర్చి తీసినవా?

మాటు అంటే ఇంగ్లండ్‌లో కియర్టన్ సోదరులే. 1895లో వచ్చిన వాళ్ల పక్షిగూళ్ల పుస్తకంలో బొమ్మలన్నీ ఫొటోలే. 1900లో ఏకంగా ఎద్దు తోలుతో బొమ్మ చేయించి, దాని కడుపులో దూరి తీశారు. మేసే ఎద్దును చూసి పిట్ట బెదరదు కదా.

రెండో దారి అమెరికాలో డేవిడ్, మేరియన్ ఫెయిర్‌చైల్డ్ దంపతులది. మనిషి పొడుగును మించిన కెమెరాతో పురుగుల్నీ సాలీళ్లనీ రాక్షసులంత చేసి చూపించారు. 1914లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ఆ ఫొటోల పుస్తకం వేసింది. చంపడం సరదాకి కాదు. కెమెరాలో బొమ్మ పడే గాజు ప్లేటు మీద పురుగును అసలు సైజుకి అయిదు రెట్లు చేస్తే, దూరపు దృశ్యానికి కావలసిన వెలుగుకి 36 రెట్లు కావాలి. కన్నూ కాలూ రెండూ స్పష్టంగా రావాలని లెన్స్ కన్నం చిన్నది చేస్తే, ఎక్స్‌పోజర్, అంటే ప్లేటు మీద వెలుగు పడనివ్వాల్సిన సమయం, ఇంకా సాగుతుంది. అంతసేపు ఏ పురుగు కదలకుండా కూర్చుంటుంది?

నా లెక్కలో తేల్చేది మాత్రం కాళ్లు. సాలీడు కాలి ముఖ్యమైన కీళ్లలో ముడిచే కండరాలున్నాయి, చాచేవి లేవు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి చాస్తుంది. చచ్చాక ఆ ఒత్తిడి పోతుంది. గోడ మూలన ఎండిన సాలీడు ఎనిమిది కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకుని పడి ఉండేది అందుకే. పొట్ట కూడా మెత్తనిది, త్వరగా ముడతలు పడుతుంది. పెంకు గట్టిగా ఉన్న పేడపురుగుకి ఈ బాధ లేదు, చచ్చినా రూపం చెడదు. సాలీడు నిలబడిన తీరు కావాలంటే మనిషి చేత్తో కాళ్లు సర్దాల్సిందే. అప్పుడు ఆ భంగిమ ఎవరిది?

కళ్లు ఎన్ని, కోరలు ఎలా ఉన్నాయి అని చూడాలంటే ఫెయిర్‌చైల్డ్ ఫొటోలకి సాటి లేదు, ఒప్పుకుంటాను. సాలీడు ఎలా బతుకుతుందో తెలియాలంటే మాత్రం నా ఓటు మాటుకే. గాలి లేని పొద్దున గూడు మధ్యలో తలకిందులుగా ఆగి ఉన్నప్పుడు తీస్తే, బొమ్మ చిన్నదైనా కాళ్లు దానివే.

అమెరికాలో జార్జ్ షిరాస్ జింకల్ని తీసిన రాత్రి ఫ్లాష్, మన అడవుల్లో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి పులి తగలగానే ఫొటో పడేలా కట్టిన తీగ సంగతీ అడిగారు. జింకకీ పులికీ భేష్. సాలీడుకి పనికిరావు.

ఫెయిర్‌చైల్డ్ పుస్తకం దొరికితే ముందు మిడతల పేజీలు చూడండి. సాలీళ్ల దగ్గరికి వచ్చాక మొహం వదిలేసి కాళ్లు చూడండి.