సన్‌షేడా, ఎత్తు గోడా: మంట పై అంతస్తుకు ఎక్కకుండా ఏది మేలు?

అపార్ట్‌మెంట్ ఎలివేషన్ (భవనం బయటికి కనిపించే రూపం) మాట ఎత్తినప్పుడల్లా చాలామంది ఒకటే అడుగుతున్నారు: "డిజైనర్ సన్‌షేడ్లు వద్దంటున్నాడు, ఫ్లాట్‌గా ఉంటేనే లుక్ అంటున్నాడు. కింది కిటికీకి, పై కిటికీకి మధ్య గోడ ఎత్తు పెంచుకుంటే సరిపోదా?" ఎండకూ వానకూ ఏది మంచిదో మీకు తెలుసు. నేను మంట విషయమే చెబుతాను.

గది మొత్తం అంటుకున్నాక లోపల ఉన్న గాలి చాలదు. కాలకుండా మిగిలిన వాయువులు పగిలిన కిటికీలోంచి బయటపడి, అక్కడ గాలి తగలగానే భగ్గుమంటాయి. ఆ మంటకు ముందువైపు నుంచి గాలి అందుతుంది, గోడ వైపు నుంచి అందదు. అందుకని గోడ మీదికే ఒరిగి, దాన్ని పట్టుకునే పైకి పాకుతుంది. వెడల్పు కిటికీ అయితే మరీ అతుక్కుంటుంది. సన్నటి నిలువు కిటికీలోంచి వచ్చే మంట గోడకు కాస్త ఎడంగా లేస్తుంది. జపాన్‌లో యోకోయి అనే పరిశోధకుడు 1960 నాటికే దీన్ని ప్రయోగాలతో చూపించారు. మనమేమో ఇప్పుడు హాలు గోడంత వెడల్పు కిటికీలు పెట్టుకుంటున్నాం.

మధ్య గోడ చేసేదల్లా దూరం పెంచడమే, మంట దారి మారదు. బాగా మండుతున్న హాలు నుంచి వచ్చే మంట మూడడుగుల గోడను తేలిగ్గా దాటేస్తుంది. 1981లో లాస్ వేగస్ హిల్టన్ హోటల్లో 8వ అంతస్తులో మొదలైన మంట బయటివైపు నుంచే కిటికీ తర్వాత కిటికీ పట్టుకుని 30వ అంతస్తు దాకా పోయింది. ఎనిమిది మంది చనిపోయారు.

సన్‌షేడ్ అలా కాదు, మంటను గోడ నుంచి బయటికి నెడుతుంది. నాకు అసలైన తేడా ఇదే. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్షల్లో కిటికీ పైన మీటరు సజ్జా ఉంటే పై గోడకు తగిలే వేడి బాగా తగ్గింది. మధ్య గోడతోనే అంత ఫలితం రావాలంటే కట్టలేనంత ఎత్తు కావాలి. అయినా నిబంధనలు రెంటినీ సమానంగానే చూస్తాయి. అమెరికా కోడ్ 3 అడుగుల గోడ గానీ 30 అంగుళాల సజ్జా గానీ చాలంటుంది. ఆస్ట్రేలియాలో 900 మి.మీ. గోడ, లేదా 1100 మి.మీ. సజ్జా. ఈ సమానత్వాన్ని నేను ఒప్పుకోను.

అయితే మన వాడుకలో ఉన్న అడుగున్నర సన్‌షేడ్ వాన కోసం వేసింది. దాని అంచు దాటిన మంట మళ్లీ గోడ మీదికి తిరుగుతుంది. కనీసం రెండున్నర అడుగులు ఉండాలి, కాంక్రీటుదే అయ్యుండాలి, కిటికీకి రెండు పక్కలా కొంత పొడవు రావాలి. అందం కోసం కిటికీ పక్కన నిలువు ఫిన్స్ (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే పలకలు) మాత్రం పెట్టొద్దు. అవి మంటను మధ్యలో బంధించి ఇంకా పైకి పంపుతాయి.

లోతైన బాల్కనీ ఇంకా మంచిది, దాన్ని అద్దాలతో మూసేసి స్టోర్‌రూమ్ చేయనంత వరకు.

మంట వేడికి పైకప్పు నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఉంటే మంట కిటికీ దాకా రాకముందే ఆగే అవకాశం ఎక్కువ. ట్యాంకులో నీళ్లు, పంపుకు కరెంటు ఉండేలా సొసైటీ చూసుకోవాలి.

గోడకు తొడిగే ఏసీపీ షీట్ (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఇంకో పొర ఉండే పలక) లోపల ప్లాస్టిక్ ఉంటే పై లెక్కలేవీ పనిచేయవు. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న నాలుగో అంతస్తు వంటింట్లో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట ఆ షీట్లనే పట్టుకుని 24 అంతస్తుల భవనం పైదాకా ఎక్కింది, 72 మంది పోయారు. బిల్లు మీద 'ఎఫ్ఆర్' (తేలిగ్గా మంట అంటుకోనిది) అని రాసి ఉంటే చాలనుకోకుండా, మధ్య పొర దేనితో చేశారో టెస్ట్ రిపోర్టు అడిగి చూడండి.

ఇంట్లో అందరూ ఫ్లాట్ ఎలివేషనే కావాలంటే, హాలు కిటికీ ఒక్కటే వెడల్పుగా కాకుండా మధ్యలో మంచి వెడల్పున్న గోడ వదిలి రెండు సన్నటి నిలువు కిటికీలుగా పెట్టించండి. సన్‌షేడ్‌కు సాటి రాదు గానీ, కింది, పై కిటికీల మధ్య గోడ ఎత్తు ఒక అడుగు పెంచడం కన్నా నేను దీన్నే ఎంచుకుంటాను.