ఆఫ్రికా మాట చెల్లాలంటే ఏది మేలు: జీ20 కుర్చీనా, ఐఎంఎఫ్ ఓటా, ఐరాసలో సంఖ్యాబలమా?

2023 సెప్టెంబర్ 9న ఢిల్లీలో, పెద్ద ఆర్థిక వ్యవస్థల వేదికైన జీ20 సదస్సులో, జైశంకర్ వెంట వచ్చి కొమొరోస్ అధ్యక్షుడు అజాలి అసౌమాని ఆఫ్రికా యూనియన్ కుర్చీలో కూర్చున్నారు. అంతకుముందే మోదీ ఆయన్ను హత్తుకున్నారు. 55 దేశాల సంఘానికి జీ20లో శాశ్వత సభ్యత్వం దక్కిన రోజది. మన దగ్గర జరిగిందని నాకూ గర్వంగా అనిపించింది.

అయితే కుర్చీ దొరికినంత మాత్రాన మాట చెల్లదు. జీ20లో ఓట్లు ఉండవు, ఎజెండా ఆ ఏడాది అధ్యక్షత వహించే దేశం చేతిలో ఉంటుంది. 2025 నవంబర్‌లో జొహానెస్‌బర్గ్ సదస్సుకు అమెరికా రానేలేదు. పైగా తన వంతు రాగానే దక్షిణాఫ్రికాను పిలవబోమని చెప్పేసింది. ఆఫ్రికా యూనియన్ వైపు చూస్తే అధ్యక్షుడు ఏటా మారతారు: కొమొరోస్ తర్వాత మౌరిటానియా, ఆపై అంగోలా. పని చేతికి వచ్చేలోపే గడువు అయిపోతుంది.

జాంబియా సంగతే చూడండి. 2020 నవంబర్‌లో అప్పు కట్టలేక చేతులెత్తేసింది. అదే నెలలో జీ20 అప్పుల సర్దుబాటుకు ఒక ఉమ్మడి పద్ధతి ప్రకటించింది. అయినా అప్పిచ్చిన దేశాలతో 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరింది 2023 జూన్‌లో! రెండున్నరేళ్ళ టెన్షన్ మోసింది అక్కడి సామాన్యులే.

అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సంగతి ఇంకా కష్టం. 2024 నవంబర్‌లో సబ్-సహారా ఆఫ్రికాకు బోర్డులో మూడో కుర్చీ ఇచ్చారు, ఓట్ల వాటా మాత్రం పెంచలేదు. పెద్ద మార్పులకు 85 శాతం ఓట్లు కావాలి, 16 శాతానికి పైగా అమెరికా దగ్గరే ఉన్నాయి, అంటే అది కాదంటే మార్పు ఆగిపోతుంది. 2021లో 65,000 కోట్ల డాలర్ల విలువైన, సభ్యదేశాల విదేశీ నిల్వలకు జమయ్యే ఎస్‌డీఆర్‌లు పంచితే, ఖండం మొత్తానికి వచ్చింది సుమారు 3,300 కోట్లు.

నా ఓటు ఐరాసకే. అక్కడ ఒక దేశానికి ఒకే ఓటు. లాగోస్‌లోనో నైరోబీలోనో సంపాదించి, లాభం ఇంకెక్కడో చూపించే కంపెనీల పన్ను నిబంధనలను అప్పటిదాకా ప్రధానంగా ధనిక దేశాల సంఘమైన ఓఈసీడీయే రాసింది. 2023 నవంబర్‌లో ఆఫ్రికా బృందం తరఫున నైజీరియా తీర్మానం పెట్టి ఈ పనిని ఐరాసకు తెచ్చింది: అనుకూలం 125, వ్యతిరేకం 48. భారత్ కూడా అనుకూలంగానే ఓటేసింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా లేచి వెళ్ళిపోయినా చర్చలు ఆగలేదు.

లోటు లేదనను. పెద్ద కంపెనీల సొంత దేశాలు సంతకం చేయకపోతే కాగితం బలం తగ్గుతుంది. అప్పుల విషయంలో జీ20 కుర్చీని వదులుకోనూ కూడదు, అప్పిచ్చిన పెద్ద దేశాలు కూర్చునేది అక్కడే. అందుకే అధ్యక్షులు మారినా మారకుండా ఉండే నిపుణుల బృందం ఒకటి అడిస్ అబాబాలోని ఆఫ్రికా యూనియన్ కేంద్ర కార్యాలయంలో కావాలి. పన్ను ఒప్పందం ముసాయిదా 2027లో సర్వసభ్య సభ ముందుకు రావాల్సి ఉంది. అప్పటివరకు ప్రతి విడత చర్చకూ అదే మనుషులు, అవే ఫైళ్ళతో వెళ్ళగలిగితే ఆ 125 ఓట్లు చెదరవు.