మెహర్జాద్ ఆట క్లిప్పుల్లో కాదు, ఫుల్ మ్యాచ్‌లో చూడండి: పారాలింపిక్ యూట్యూబ్ చానెల్ రివ్యూ

పారాలింపిక్ గేమ్స్ అధికారిక యూట్యూబ్ చానెల్‌కి ఐదుకి ఐదు ఇస్తున్నా, అదీ ముఖ్యంగా సిట్టింగ్ వాలీబాల్ కోసం, అంటే వైకల్యం ఉన్న ఆటగాళ్లు నేలమీద కూర్చుని ఆడే వాలీబాల్. ఇరాన్ ఆటగాడు మొర్తజా మెహర్జాద్ పేరు తెలియకపోయినా అతని క్లిప్ ఏదో ఒకటి మీ ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది. మనిషి ఎత్తు 246 సెంటీమీటర్లు, కూర్చుని చెయ్యెత్తితే దాదాపు 193 దాకా అందుతుంది, మగవాళ్ల నెట్ చూస్తే 115. క్లిప్పుల్లో అతను పైనుంచి బంతిని దంచడమే ఉంటుంది, కింద కామెంట్లలో "ఇదేం న్యాయం" అని ఒకటే గొడవ. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ చానెల్లో రియో 2016 ఫైనల్ మొత్తం ఉంది, పైసా కట్టక్కర్లేదు. బోస్నియా మీద ఇరాన్ 3-1తో గెలిచింది, అతనొక్కడివే 28 పాయింట్లు. కానీ మొదటి సెట్ నుంచి కూర్చుని చూస్తే అసలు కష్టం తెలుస్తుంది. బంతి ఆడేటప్పుడు పిరుదులు నేలను వదలకూడదు, కదలాలంటే చేతులే దిక్కు, అంత పొడుగు ఒంటిని పక్కకి జరుపుకునేలోపు బంతి దాటిపోతుంది. సెట్టర్, అంటే కొట్టేవాడికి బంతి అందించే ఆటగాడు, బంతిని సరిగ్గా పైకి లేపకపోతే ఆ ఎత్తుతో పనేం లేదు. ఇంకోటి, ఇందులో ఎదుటివాళ్ల సర్వీస్‌ని కూడా బ్లాక్ చేయొచ్చు, నెట్ దగ్గర అతని రెండు అరచేతులు ఎప్పుడు లేస్తున్నాయో గమనించండి.

అతని జీవితం తెలిశాక ఆ కామెంట్లు ఇంకా బాధపెడతాయి. అక్రోమెగలీ, అంటే ఒంట్లో గ్రోత్ హార్మోన్ ఎక్కువైపోయే జబ్బు వల్ల పెరిగిన ఎత్తు అది, పైగా టీనేజ్‌లో సైకిల్ ప్రమాదంలో తుంటి ఎముక విరిగి కుడికాలు ఎదగడం ఆగిపోయింది, ఎడమకాలి కంటే దాదాపు 15 సెంటీమీటర్లు పొట్టి. 2011లో ఒక టీవీ కార్యక్రమంలో కనిపిస్తే కోచ్ హాదీ రెజాయీ చూసి ఆటలోకి తెచ్చాడు. రియో, టోక్యో, పారిస్ మూడుచోట్లా బంగారమే. పారిస్‌లో అతనికి సరిపడే మంచం లేక నేలమీద పడుకున్నాడు, అయినా ఫైనల్లో మళ్లీ బోస్నియాని ఓడించారు.

డబ్బు కట్టి పెట్టుకున్న ఒక ఓటీటీ యాప్‌లో ఎంత వెతికినా నాకు హైలైట్సే దొరికాయి, అందుకే ఈ చానెల్ విలువ నాకు బాగా తెలుసు. కామెంటరీ ఇంగ్లీషే, రూల్స్ పైన చెప్పినంత తెలిస్తే మ్యూట్‌లో పెట్టినా ఆట అర్థమవుతుంది. వాలీబాల్ నేర్పే పీఈటీ సార్లు పిల్లలకి ఆ ఫైనల్ వేసి చూపించండి, సెట్టర్ చేతులు కనిపించినప్పుడల్లా ఆపి మరీ.